ఏళ్లుగా నిలబడ్డ బండిని మళ్లీ రోడ్డెక్కించడం ఎలా?

దసరా, సంక్రాంతి దగ్గర పడిందంటే ఒకటే ప్రశ్న. "అన్నా, బండి రెండేండ్ల సంది ఇంటి ముందటనే ఉన్నది. కిక్కు కొట్టి కొట్టి కాలు పోయింది గానీ స్టార్ట్ అయితలేదు. ఏం చేయాలె?" అడిగేవాళ్లలో ఎక్కువమంది బొంబాయికో పుణెకో పనులకు పోయి వచ్చినవాళ్లు, గల్ఫ్ నుంచి సెలవు మీద దిగినవాళ్లు, లేదా హైదరాబాద్‌లో ఉంటూ ఊళ్లో నాయిన బండిని వదిలేసినవాళ్లు. పాలమూరులో గానీ నల్లగొండ దిక్కున గానీ పరదా కప్పిన బండి ఒక్కటైనా లేని వాడ కనపడదు.

అందరికీ నేను మొదట చెప్పేది ఇదే: కిక్కు కొట్టడం ఆపండి. ఏళ్ల తరబడి నిలబడితే బండి కొంత పాడవుతుంది, నిజమే. కానీ పెద్ద ఖర్చులు చాలావరకు బయటికి తీసిన రోజు పడే తొందర వల్లే వస్తాయి. సిలిండర్ గోడల మీద ఆయిల్ ఎండిపోయి ఉంటుంది, అక్కడ పిస్టన్‌ను పొడిగా ఆడిస్తారు. ట్యాంకు అడుగున చేరిన నీళ్లూ తుప్పూ, పెట్రోలూ గాలీ కలిసే కార్బొరేటర్లోకి దిగుతాయి. ఎయిర్ ఫిల్టర్ దగ్గర ఎలుక పెట్టిన గూడును ఇంజన్ లోపలికి పీలుస్తుంది. ఒక్క రోజు ఓపిక పడితే ఇవేవీ జరగవు.

ఇక్కడ చెప్పేది 100 నుంచి 150 సీసీ ఫోర్ స్ట్రోక్ బళ్ల గురించి. స్ప్లెండర్, ప్యాషన్, ప్లాటినా, షైన్, పాత పల్సర్ లాంటివి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) బళ్లలో చాలావాటికి కార్బొరేటర్ ఉండదు, పెట్రోలును పంపుతో చిమ్మే ఇంజెక్షన్ ఉంటుంది. తేడా ఉన్నచోట ఆ మాట విడిగా చెబుతాను. ఆర్ఎక్స్100 లాంటి టూ స్ట్రోక్ బండి సంగతి వేరు. లోపలి రబ్బరు సీళ్లు ఎండిపోతాయి కాబట్టి దాన్ని తెలిసిన మేస్త్రీ చేతిలో పెట్టడమే మంచిది.

బండి నిలబడి రెండు మూడు నెలలే అయితే ఇదంతా అక్కర్లేదు. పెట్రోలు, బ్యాటరీ, టైర్లు, బ్రేకులు చూసుకుంటే చాలు. ఆరు నెలలు దాటితే మాత్రం కింద చెప్పిన వరుసలోనే వెళ్లండి.

కావలసినవి

- బండితో వచ్చిన పానాల సెట్టు, స్పార్క్ ప్లగ్ పానా, 8 నుంచి 17 నంబర్ల దాకా రింగ్ పానాలు, మంచి స్టార్ స్క్రూడ్రైవర్. మొన అరిగిన స్క్రూడ్రైవర్‌తో కార్బొరేటర్ జోలికి పోవద్దు, స్క్రూ తల చెడితే పని రెట్టింపవుతుంది.
- బంకులో కొన్న తాజా పెట్రోలు 2 లీటర్లు. కిరాణా కొట్టులో సీసాల్లో అమ్మేది వద్దు. అది ఎన్నాళ్లదో, అందులో ఏం కలిసిందో చెప్పలేం.
- బండి పుస్తకంలో రాసిన గ్రేడు ఇంజన్ ఆయిల్. 100 సీసీ హీరో బళ్లకు మామూలుగా 10డబ్ల్యూ30. డబ్బా మీద "జాసో ఎంఏ" అని ఉండాలి, బైకు ఆయిల్ అన్న గుర్తు అది. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది.
- కొత్త ప్లగ్. పాత ప్లగ్ మీద ఉన్న నంబరే అడగండి.
- కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే, కొంచెం డీజిల్, ఉప్పుకాగితం, పాత బనియన్ గుడ్డలు, గరాటు, తెల్లటి ప్లాస్టిక్ సీసా ఒకటి.
- దొరికితే వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒకటి. ఎలక్ట్రికల్ షాపులో మామూలు రకం చాలు.

ఈ పనంతా ఆరుబయట, నీడలో చేయండి. గడ్డివాము పక్కన, వంటింటి దగ్గర వద్దు. పెట్రోలు తీసేటప్పుడు చుట్టూ ఎవరూ బీడీ ముట్టించకుండా చూసుకోండి. పిల్లలను దూరంగా ఉంచండి.

1. పరదా తీయడం

కర్రతో తీయండి, చేత్తో కాదు. కొట్టంలోనో వరిగడ్డి పక్కనో ఉన్న బండి కింద తేళ్లు ఉంటాయి, పాములూ ఉంటాయి. సీటు కింద, సైడ్ ప్యానెల్ వెనక చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టి, టార్చ్ వేసి చూడండి.

తర్వాత బండిని చదునైన చోటికి తెచ్చి మెయిన్ స్టాండ్ వేయండి. చక్రం తిరగకపోతే బలవంతంగా ఈడ్వకండి. బ్రేక్ పట్టేసి ఉంటుంది, 7వ మెట్టు చూడండి.

సీటు, సైడ్ ప్యానెళ్లు విప్పి వైర్లన్నీ కళ్లతో వెతకండి. ఎలుక కొరికితే రాగి తీగ బయటికి కనిపిస్తుంది. అలాంటిది ఒక్కటి ఉన్నా టేప్ చుట్టేదాకా బ్యాటరీ తగిలించకండి. సైలెన్సర్ మూతిలోకి కూడా చూడండి. కందిరీగలు అక్కడ మట్టి గూళ్లు కడతాయి. గట్టి తీగతో పొడిచి రాల్చేయండి.

2. ప్లగ్ తీసి ఆయిల్ వేయడం

ఇది ముందే చేయాలి, ఎందుకంటే ఆయిల్ లోపలికి ఇంకడానికి టైం పడుతుంది. ఆలోపు మిగతా పనులు చేసుకోవచ్చు.

ప్లగ్ విప్పేముందు దాని గుంత చుట్టూ ఉన్న మట్టిని ఊది తుడవండి, లేకపోతే అదంతా సిలిండర్లోనే పడుతుంది. ప్లగ్ తీశాక ఆ రంధ్రంలోంచి ఒక టీస్పూను ఇంజన్ ఆయిల్ పోయండి. ఎక్కువ పోస్తే లాభం లేదు, పొగ పెరుగుతుందంతే. గుడ్డ పెట్టి రంధ్రం మూసి, కనీసం మూడు నాలుగు గంటలు వదిలేయండి. రాత్రంతా ఉంచితే ఇంకా మంచిది.

3. ట్యాంకు

మూత తీసి వాసన చూడండి. మంచి పెట్రోలుకు ఘాటైన వాసన ఉంటుంది. చెడిపోయినదానికి ఆ ఘాటు పోయి, పాత రంగు డబ్బా తెరిచినట్టు పుల్లటి వాసన వస్తుంది. అనుమానముంటే తీసేయడమే.

కార్బొరేటర్‌కు వెళ్లే పైపు విప్పి, కాక్ (ట్యాంకు కింది పెట్రోలు కుళాయి) తిప్పి, తెల్ల సీసాలోకి వదలండి. సీసాను పది నిమిషాలు కదపకుండా పెట్టండి. అడుగున వేరే పొరలా గీత కనిపిస్తే అందులో నీళ్లున్నట్టు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది, తేమ ఎక్కువైతే నీళ్లతో కలిసి విడిపోయి అడుగుకు దిగుతుంది. కాక్ ఉండేది అడుగునే కదా, మొదటి కిక్కుకు కార్బొరేటర్లోకి వెళ్లేది ఆ నీళ్లే. పైగా పాత బళ్ల రబ్బరు పైపులు, సీళ్లు ఈ పెట్రోలును దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. పైపును వేలితో వంచి చూడండి. పగుళ్లు కనిపించినా, జిగటగా తగిలినా మార్చేయండి. ఖర్చు తక్కువ, వదిలేస్తే మంటల ప్రమాదం.

టార్చ్ వేసి ట్యాంకు లోపల చూడండి. టార్చే, అగ్గిపుల్ల కాదు. పైపైన ఎర్రగా కనిపిస్తే అర లీటరు తాజా పెట్రోలు పోసి ఊపి ఒంపేయండి, శుభ్రంగా వచ్చేదాకా రెండు మూడుసార్లు. పొరలు పొరలుగా తుప్పు లేస్తుంటే ట్యాంకు విప్పి, కాక్ కూడా తీసి రంధ్రం మూసి, తెల్ల వెనిగర్ నింపి ఒకటి రెండు రోజులు ఉంచండి. తర్వాత నీళ్లలో వంట సోడా కలిపి కడిగి, వెంటనే ఎండలో పూర్తిగా ఆరబెట్టి, లోపల కాస్త ఇంజన్ ఆయిల్ తిప్పండి. బాత్‌రూం యాసిడ్ పోసేవాళ్లున్నారు. అది తుప్పును వదిలిస్తుంది గానీ రేకునూ తింటుంది, బయట పెయింట్ మీద పడితే అదీ పోతుంది. సాయంత్రానికి కొత్త తుప్పు మొదలవుతుంది.

ట్యాంకు మూతలో చిన్న గాలి రంధ్రం ఉంటుంది, దాన్ని ఊది చూడండి. అది మూసుకుపోతే పెట్రోలు సరిగా దిగక బండి ఆగిపోతుంది. ఈ రంధ్రం సంగతి చాలామందికి తెలియదు, అందుకే అనవసరంగా కార్బొరేటర్లు విప్పిస్తుంటారు.

తీసిన పాత పెట్రోలును బావి దగ్గర, మోరీలో పోయకండి. చెత్త కాల్చడానికి అసలే వాడకండి. మూతున్న డబ్బాలో పోసి మెకానిక్ షాపులో ఇవ్వండి.

ఇంజెక్షన్ బండి అయితే: పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. వెనిగర్, సోడా పనులేవీ చేయకండి. పాత పెట్రోలు తీసి తాజాది పోయడం వరకే మీ పని. లోపల తుప్పు కనిపిస్తే పంపు విప్పగలిగే చోటికి తీసుకెళ్లండి.

4. కార్బొరేటర్

స్టార్ట్ కాని బళ్లలో ఎక్కువ వాటికి రోగం ఇక్కడే. కార్బొరేటర్ అడుగు గిన్నెలో మిగిలిన పెట్రోలు ఆవిరైపోయి పసుపుపచ్చ జిగురు మిగులుతుంది. పెట్రోలు పోయే సన్న రంధ్రమున్న జెట్టు మూసుకుపోవడానికి అది చాలు.

ముందు సులువైన దారి చూడండి. గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి పాతది కార్చేయండి. తాజా పెట్రోలు వదిలి నింపండి, అరగంట ఆగి మళ్లీ కార్చండి. బయటికి వచ్చేది శుభ్రంగా ఉంటే విప్పనక్కర్లేదు, అలాగే వదిలేసి ముందుకు పోండి.

పచ్చగానో ఎర్రగానో వస్తే విప్పాలి. ఒక్కో అడుగుకూ ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఏ పైపు ఎక్కడిదో, ఏ స్క్రూ ఎంత పొడుగో తర్వాత గుర్తుండదు. గిన్నె తీస్తే లోపల పెట్రోలు మీద తేలే ఫ్లోట్, పెట్రోలు రాకను ఆపే దాని సూది, మధ్యలో పెద్ద జెట్టు, పక్కన చిన్న జెట్టు కనిపిస్తాయి. జెట్లు విప్పి వెలుతురుకు ఎత్తి చూడండి. చిన్న జెట్టులోంచి గుండ్రంగా వెలుగు కనపడాలి. కనపడకపోతే క్లీనర్ కొట్టి, నానబెట్టి, పంక్చర్ షాపు గాలితో ఊదించండి. ఇనుప సూది, పిన్నీసు పెట్టకండి. జెట్టు ఇత్తడిది, రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా బండి ఎప్పటికీ పెట్రోలు తాగుతూనే ఉంటుంది. మరీ తప్పకపోతే కరెంటు వైర్లోంచి తీసిన ఒక్క రాగి పోగు వాడండి.

క్లీనర్ కొట్టేముందు రబ్బరు రింగులు తీసేయండి, లేకపోతే ఉబ్బిపోతాయి. గాలి స్క్రూ విప్పేటప్పుడు ముందు దాన్ని మెల్లగా లోపలికి బిగిస్తూ ఎన్ని చుట్లు పడిందో లెక్కపెట్టి రాసుకోండి, బిగించేటప్పుడు అన్నే చుట్లు వదలాలి. లోపల ఆనగానే ఆపాలి, ఇంకా తిప్పితే దాని మొన పోతుంది.

5. ఎయిర్ ఫిల్టర్

డబ్బా తెరవండి. ఎలుక గూడు, వడ్లు, గుడ్డ పీలికలు ఏవుంటే అవి తీసేయండి. కాగితం రకాన్ని కడగకండి, కొత్తది వేయండి. స్పాంజి రకాన్ని డీజిల్లో కడిగి పిండి, ఆరాక కాస్త ఇంజన్ ఆయిల్ పట్టించి పిండేయండి. ఫిల్టర్ లేకుండా "ఒక్క రౌండు" కూడా వద్దు, మన ఎర్రమట్టి దుమ్ము ఇంజన్ రింగులను అరగదీస్తుంది.

6. ఇంజన్ తిప్పి చూడడం, ఆయిల్ మార్చడం

తాళంచెవి ఆఫ్‌లోనే ఉంచి, ప్లగ్ బయటే ఉంచి, బండిని టాప్ గేరులో వేసి వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. ఇంజన్ తిరిగితే సగం భయం తీరినట్టే. తర్వాత న్యూట్రల్‌లోకి తెచ్చి చేత్తోనే కిక్కు రాడ్ నాలుగైదు సార్లు నొక్కండి. మొహం ప్లగ్ రంధ్రానికి ఎదురుగా పెట్టకండి, ఆయిల్ చిమ్ముతుంది.

తిరగకపోతే కిక్కు మీద ఎక్కి నిలబడడం లాంటివి చేయకండి, లోపల కిక్కు షాఫ్టు విరుగుతుంది. ఇంజన్ ఆయిల్‌లో సగానికి సగం డీజిల్ కలిపి రెండు స్పూన్లు పోసి, రెండు రోజులు ఆగి, టాప్ గేరులో చక్రాన్ని ముందుకూ వెనక్కూ ఊపండి. అప్పటికీ కదలకపోతే సిలిండర్ విప్పాల్సిందే, అది షాపు పని.

తిరిగాక బొటనవేలితో రంధ్రం మూసి కిక్కు నొక్కండి. గాలి వేలిని నెట్టేయాలి. మెత్తగా, ఏమీ అడ్డం లేనట్టు దిగిపోతే వాల్వు తెరుచుకున్నచోటే పట్టేసిందేమో. ఇంకాస్త ఆయిల్ వేసి మళ్లీ చూడండి.

ఇప్పుడు పాత ఇంజన్ ఆయిల్ తీసేయండి. తిరిగింది తక్కువే కదా అని ఉంచేయవద్దు, తేమ అందులోనూ చేరుతుంది. బయటికి పాలు కలిసిన టీ రంగులో వస్తే లోపల నీళ్లున్నట్టు. అప్పుడు కొత్త ఆయిల్‌తో కాసేపు నడిపాక మరోసారి మార్చాలి. ఎంత పోయాలో గేజ్ పుల్ల చెబుతుంది, రెండు గీతల మధ్య ఉండాలి. గేజ్ మూతను మర బిగించకుండా ఊరికే ఆనించి చూడాలా, బిగించి చూడాలా అన్నది బండిని బట్టి మారుతుంది, పుస్తకం చూడండి. డ్రెయిన్ బోల్టు కింద వాషర్ మరిచిపోవద్దు.

7. బ్రేకులు

ఇంజన్ మోత వినాలన్న ఆత్రంలో అందరూ దీన్ని చివరికి నెడతారు. నా లెక్కలో స్టార్ట్ కంటే ముందు ఇదే. స్టార్టయిన బండిని చూస్తే ఎవరైనా ఒక రౌండు వేయకుండా ఆగరు.

డ్రమ్ బ్రేకు: చక్రం గాల్లో ఉండగా తిప్పి, బ్రేక్ తొక్కి వదలండి. వదలగానే చక్రం మళ్లీ స్వేచ్ఛగా తిరగాలి. పట్టేసుకుంటే చక్రం విప్పండి. లోపలి దుమ్మును నోటితో ఊదకండి, పాత లైనర్లలో (డ్రమ్ముకు రాసుకునే బ్రేకు పట్టీల్లో) ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడి గుడ్డతో తుడవండి. డ్రమ్ము తుప్పు, లైనర్ మీది మెరుపు ఉప్పుకాగితంతో రుద్ది తీయండి. షూలను విప్పార్చే క్యామ్‌కు చిటికెడంత గ్రీజు చాలు, ఎక్కువైతే అది లైనర్ మీదికి పాకుతుంది. లైనర్ అరిగి ఉంటే మార్చేయండి, ఇక్కడ పిసినారితనం వద్దు.

డిస్క్ బ్రేకు: లివర్ మెత్తగా లోపలికి పోతే, బ్రేక్ ఆయిల్ నల్లబడితే పాత ఆయిల్ తీసి కొత్తది వేయాలి. మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఉంటుంది, అదే వేయాలి. ఆ ఆయిల్ ట్యాంకు మీద పడితే పెయింట్ లేస్తుంది. గాలి బుడగలు తీసే పని ఇంతకుముందు చేసిన అనుభవం లేకపోతే మెకానిక్‌కే వదిలేయండి.

8. బ్యాటరీ

పాత స్ప్లెండర్ల లాంటి కిక్కు బళ్లలో ప్లగ్‌కు కరెంటు మాగ్నెట్ కాయిల్ నుంచే వస్తుంది, బ్యాటరీ చచ్చినా స్టార్టవుతాయి. "బ్యాటరీ పోయింది, అందుకే స్టార్ట్ కావట్లేదు" అని వాటికి కొత్తది కొనిపిస్తే ఆలోచించండి. ఇంజెక్షన్ బండికి మాత్రం బ్యాటరీ లేకపోతే పంపు తిరగదు, కంప్యూటర్ లేవదు. కిక్కు కొట్టినా, తోసినా దండగ.

నీళ్ల బ్యాటరీ అయితే రెండు గీతల మధ్యకు డిస్టిల్డ్ వాటర్ పోయండి. బోరు నీళ్లు వద్దు. నల్లగొండ నీళ్ల సంగతి కొత్తగా చెప్పేదేముంది, ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, అందులోని లవణాలు ప్లేట్లను పాడుచేస్తాయి. వాటర్ ప్లాంటు క్యాను నీళ్లు కూడా దీనికి పనికిరావు.

చార్జింగ్ నెమ్మదిగా ఉండాలి. 3 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 0.3 ఆంపియర్, అంటే పదో వంతు. ట్రాక్టర్ బ్యాటరీల చార్జర్‌కు తగిలిస్తే ఉబ్బిపోతుంది. చార్జ్ అయ్యాక కొన్ని గంటలు ఆగి మీటర్ పెడితే 12.6 వోల్టులు, ఆపైన చూపాలి. తెల్లారేసరికి 12.4 కంటే కిందికి దిగితే దాని ఆయుష్షు అయిపోవచ్చినట్టే.

ఫ్యూజు పోయి ఉంటే అదే ఆంపియర్ల ఫ్యూజు వేయండి. సిగరెట్ పెట్టె వెండి కాగితం చుట్టారంటే ఈసారి కాలేది వైరింగే.

9. టైర్లు, చైను, కేబుళ్లు

టైరు పక్కన డాట్ అని మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2317 అంటే 2017లో 23వ వారంలో తయారైందని. గాలి నింపాక పక్క గోడల మీద పగుళ్లు తేలితే, మధ్యలో గాడి ఎంత లోతున్నా మార్చండి. మే నెల ఎండలో తారు రోడ్డు మీద అలాంటి టైరు పేలితే ఆపుకోలేరు. స్ప్లెండర్‌కైతే ముందు 25 పీఎస్‌ఐ, ఒక్కరే వెళ్తే వెనక 28. వేరే బళ్లకు చైన్ కవర్ మీదో పుస్తకంలోనో ఉన్నంత.

చైనును డీజిల్‌తో బ్రష్ పెట్టి కడిగి తుడిచి 90 గేర్ ఆయిల్ పట్టించండి. మధ్యలో వేలితో పైకీ కిందికీ ఊపితే సుమారు ఒక అంగుళం ఆడాలి. క్లచ్, బ్రేక్, ఎక్సలేటర్ కేబుళ్లలో ఒక్క పోగు తెగి ఉన్నా కొత్తది వేయండి. ఎక్సలేటర్ తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి. హ్యాండిల్ ఎటు తిప్పి ఉన్నా అలాగే రావాలి.

10. స్టార్ట్ చేయడం

కొత్త ప్లగ్‌ను ముందు చేత్తోనే మరలు ఎక్కించి, తర్వాత పానాతో బిగించండి. పెట్రోలు కాక్ తెరిచి ఒక నిమిషం ఆగండి. కార్బొరేటర్ కింది పైపు నుంచి పెట్రోలు కారితే ఫ్లోట్ సూది పట్టేసిందన్నమాట. స్క్రూడ్రైవర్ పిడితో గిన్నెను మెల్లగా తట్టండి, చాలాసార్లు వదులుతుంది.

హ్యాండిల్ మీది ఎర్ర స్విచ్ ఆన్‌లో ఉందా? సైడ్ స్టాండ్ ఎత్తారా? నవ్వకండి, కొత్త బళ్లలో స్టాండ్ దించి ఉంటే ఇంజన్ ఆగిపోయే ఏర్పాటుంది, దానికోసం పొద్దంతా తల బాదుకున్నవాళ్లున్నారు.

తాళంచెవి ఆఫ్‌లో ఉంచి ఐదారు కిక్కులు కొట్టండి, ఆయిల్ పైకెక్కుతుంది. తర్వాత ఆన్ చేసి, చోక్ లాగి, ఎక్సలేటర్ ముట్టకుండా కిక్కు కొట్టండి. సెల్ఫ్ అయితే ఒక్కసారికి 5 సెకన్లు మించకుండా, మధ్యలో కాస్త ఆగుతూ. ఇంజెక్షన్ బండికి చోక్ ఉండదు. తాళం ఆన్ చేసి పంపు "జుయ్" మన్నాక ఆఫ్ చేయండి, అలా రెండు మూడుసార్లు చేశాక సెల్ఫ్ కొట్టండి.

స్టార్టయ్యాక ఐదు నిమిషాలు దాని మానాన దాన్ని వదిలేయండి. రేజ్ చేయకండి. సైలెన్సర్ వెనక ఎవరినీ నిలబడనీయకండి, మిగిలిన మట్టి గడ్డలు ఎగిరి పడతాయి. మొదట తెల్ల పొగ దండిగా వస్తుంది, మీరు పోసిన ఆయిలే అది, టెన్షన్ వద్దు. పదిహేను నిమిషాల తర్వాత కూడా నీలం పొగ ఆగకపోతే పిస్టన్ రింగులు గానీ వాల్వు సీళ్లు గానీ పోయినట్టు. నల్ల పొగైతే లాగిన చోక్ వెనక్కి పెట్టడం (మూయడం) మరిచారేమో చూడండి.

స్టార్ట్ కాకపోతే

వరుసగా కొట్టుకుంటూ పోకండి. పది కిక్కుల తర్వాత ఆగి ప్లగ్ తీయండి.

ప్లగ్ తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, మంటే లేదు. ప్లగ్ తుడిచి క్యాప్‌కు పెట్టి, దాని లోహపు భాగం ఇంజన్‌కు ఆనించి, ప్లగ్ రంధ్రానికి దూరంగా, గ్లవ్ వేసుకుని కిక్కు కొట్టించండి. నీలం నిప్పు టక్‌మనాలి. ముందు చుట్టుపక్కల కారిన పెట్రోలు తుడవడం మరిచిపోవద్దు. నిప్పు వస్తుంటే పెట్రోలు ఎక్కువై ముంచేసిందంతే, చోక్ మూసి ఎక్సలేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని కొట్టండి. నిప్పు రాకపోతే ప్లగ్ క్యాప్, ఎర్ర స్విచ్, ఎలుక కొరికిన వైర్లు, ఆ వరుసలో చూడండి.

ప్లగ్ పొడిగా ఉంటే పెట్రోలే రావట్లేదు, కాక్ జాలీ దగ్గరికీ చిన్న జెట్టు దగ్గరికీ వెనక్కి పోండి. చోక్ లాగితే నడిచి, మూయగానే ఆగిపోయే బండికి కూడా రోగం ఆ చిన్న జెట్టే.

గేరు వేయగానే, క్లచ్ పట్టుకున్నా బండి ముందుకు దూకి ఆగిపోతే క్లచ్ ప్లేట్లు అతుక్కున్నాయి. ఇంజన్ వేడెక్కనిచ్చి ఆపండి. మూడో గేరులో క్లచ్ నొక్కి పట్టుకుని బండిని ముందుకూ వెనక్కూ బలంగా ఊపితే వదులుతాయి.

11. రోడ్డు మీద పరీక్ష

నకిరేకల్ వాళ్లు 65 నంబరు హైవే, జడ్చర్ల వాళ్లు 44 మొదటి రోజే ఎక్కకండి. ఊరి లోపలి రోడ్డు మీద, నడక వేగంలో ముందు బ్రేకు, వెనక బ్రేకు విడివిడిగా పట్టి చూడండి. తర్వాత పది కిలోమీటర్లు, 40 దాటకుండా.

తిరిగొచ్చాక చక్రాల మధ్య భాగం చేత్తో తాకండి. ఒకటి బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు రాస్తోంది. ఫోర్కు రాడ్ల మీద ఆయిల్ రింగు కనిపిస్తే సీలు పోయింది. ఇంజన్ నడుస్తుండగా కాస్త రేజ్ చేసి బ్యాటరీ మీద మీటర్ పెడితే 13.5, 14.5 మధ్య చూపాలి, లేకపోతే చార్జింగ్ అందట్లేదు. ఇంజన్ చల్లారాక ప్లగ్ తీసి చూడండి, ఇటుక రంగులో ఉంటే పెట్రోలూ గాలీ సరిపోయాయి. పొడి మసి అంటే పెట్రోలు ఎక్కువ, బాగా తెల్లబడితే తక్కువ.

రెండు కిలోమీటర్లు బాగా పోయి ఆగిపోతోంది, కాసేపు ఆగితే మళ్లీ స్టార్టవుతోంది అనేవాళ్లు ఆగినప్పుడు ట్యాంకు మూత తెరవండి. "సుయ్" మని గాలి పీల్చిందంటే 3వ మెట్టులో చెప్పిన ఆ రంధ్రమే మూసుకుపోయింది.

కాగితాలు

సొంత బండి ఆర్సీ 15 ఏళ్లకు అయిపోతుంది. ఏపీ 24 (నల్లగొండ), ఏపీ 22 (పాలమూరు) నంబరు ప్లేటు అంటే 2014 జూన్‌కు ముందుది, ఇప్పుడు వాటిలో చాలా వాటికి గడువు తీరింది లేదా తీరబోతోంది. ఆర్టీఏ ఆఫీసులో బండి చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి పొడిగించుకోవాలి. ఏపీ, టీఎస్ ప్లేట్లను టీజీగా మార్చుకోనక్కర్లేదు. 2018 సెప్టెంబర్ తర్వాత కొన్న కొత్త బళ్లకు ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఇచ్చారు. 2019లో కొన్నదైతే అదీ ముగిసింది. పొల్యూషన్ పరీక్ష ఇంజన్ వేడి మీద, ఆయిల్ పొగ ఆగాకే చేయించండి.

మళ్లీ వెళ్లేటప్పుడు

మూడు నెలల లోపైతే ట్యాంకు నిండా కొట్టించి వెళ్లండి. ఏడాదైతే కార్బొరేటర్ బండి ట్యాంకు, గిన్నె రెండూ ఖాళీ చేసి ట్యాంకులో కాస్త ఆయిల్ తిప్పండి. ఇంజెక్షన్ బండికి ట్యాంకు నింపే ఉంచండి. బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పండి, సైలెన్సర్ మూతికి గుడ్డ కట్టండి, మెయిన్ స్టాండ్ వేయండి. ప్లాస్టిక్ పట్టా బండికి అంటుకునేట్టు కప్పితే లోపల చెమ్మ పడుతుంది, పాత దుప్పటి కప్పి దాని మీద వదులుగా పట్టా వేయండి. గడ్డికి, ధాన్యం బస్తాలకు దూరంగా పెట్టండి.

నెలకోసారి స్టార్ట్ చేసి రెండు నిమిషాల్లో ఆపేయమని ఇంట్లోవాళ్లకు చెప్పి వెళ్తుంటారు. దానివల్ల ఇంజన్ వేడెక్కదు, సైలెన్సర్లో నీళ్లు చేరతాయి, బ్యాటరీ ఇంకా దిగుతుంది. తమ్ముడికి బండి వస్తే నెలకోసారి పది కిలోమీటర్లు నడిపి పెట్టమనండి. అది కుదరకపోతే అసలు ముట్టుకోవద్దనండి.